అచ్చు ఎవరు కనిపెట్టారు? ప్రశ్నలోనే ఉంది చిక్కు

అచ్చుయంత్రం కనిపెట్టింది ఎవరని అడిగితే బడి పిల్లలు కూడా తడుముకోకుండా గూటెన్‌బర్గ్ అంటారు. పక్కనున్నవాళ్ళు అడ్డం వచ్చి, కాదు, ఆయనకు నాలుగు వందల ఏళ్ళ ముందే చైనాలో బీ షెంగ్ అనే ఆయన విడి అక్షరాలతో అచ్చు వేశాడు కదా అంటారు. ఇంకొకరు కొరియా సంగతి తెస్తారు. 1377లోనే అక్కడ లోహపు అక్షరాలతో ఒక బౌద్ధ గ్రంథం అచ్చయింది, ఆ ప్రతి ఇప్పటికీ పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది అంటారు. ముగ్గురు చెప్పేదీ నిజమే. అయినా వాదన తెగదు, ఎందుకంటే ముగ్గురూ మాట్లాడుతున్నది ఒకే వస్తువు గురించి కాదు.

అచ్చు అనే ఒక్క మాటలో మనం ఐదు పనులను కలిపేశాం. అక్షరాన్ని తయారు చెయ్యాలి. తయారైన అక్షరాలను వరసలుగా పేర్చాలి. వాటికి సరిగ్గా అంటుకునే సిరా కావాలి. ఆ సిరాను పీల్చుకునే కాగితం కావాలి. చివరికి ఆ కాగితాన్ని అక్షరాల మీద ఒత్తే ఉపాయం ఏదో ఒకటి ఉండాలి. మనం యంత్రం అని పిలిచేది ఈ ఆఖరిదాన్నే. నన్నడిగితే ఐదింటిలోకీ తేలికైనది కూడా అదే. ద్రాక్షపళ్ళు పిండడానికో, బట్టల మడతలు అణచడానికో మరలు తిప్పే ప్రెస్సులు యూరప్‌లో అప్పటికే వాడుకలో ఉన్నాయి. అసలు కష్టం అంతా అక్షరం దగ్గరే ఉంది. ఏ లిపిలో ఎన్ని అక్షరాలున్నాయి, వాటిని ఎంత చౌకగా పోత పొయ్యొచ్చు, వాడాక మళ్ళీ వాటి గళ్ళలోకి ఎంత త్వరగా చేర్చొచ్చు అన్న లెక్కల మీదే అచ్చు కథ మొత్తం నడిచింది.

చెక్క దిమ్మ నుంచి మొదలుపెడదాం.

ఒక పేజీని పలచటి కాగితం మీద అందంగా రాస్తారు. ఆ కాగితాన్ని బోర్లించి నునుపు చేసిన చెక్క మీద అంటిస్తారు. ఇప్పుడు రాత చెక్క మీద తిరగబడి కనిపిస్తుంది. గీతల చుట్టూ ఉన్న చెక్కనంతా సన్నని ఉలితో తొలిచేస్తే గీతలు మాత్రం పైకి నిలబడతాయి. వాటి మీద నీళ్ళ సిరా కుంచెతో పూసి, పైన కాగితం పరిచి, పొడి కుంచెతో ఒకసారి మెత్తగా రుద్ది ఎత్తేస్తే పేజీ తయారు. ఎక్కడా మర లేదు, యంత్రం లేదు. ఆ కాగితం పలచన, ఆ సిరా నీరు, కాబట్టి చేతి బరువే సరిపోయింది. సిరా రెండో వైపుకు ఊరేది కాబట్టి ఒక వైపే అచ్చు వేసి, ఖాళీ వైపు లోపలికి వచ్చేలా మడిచి కుట్టేవారు.

ఈ పద్ధతిలో అచ్చయి, తేదీ స్పష్టంగా ఉన్న పాత పుస్తకం వజ్రసూత్రం అనే బౌద్ధ గ్రంథం. చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో దొరికిన ఆ కాగితపు చుట్ట ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. పొడవు దాదాపు 5 మీటర్లు. చివరన 868వ సంవత్సరపు తేదీ వేసి, వాంగ్ జియే అనే వ్యక్తి తన తల్లిదండ్రుల పేరిట అందరికీ ఉచితంగా పంచడానికి దీన్ని చేయించినట్టు రాసి ఉంది. చుట్ట మొదట్లో ఉన్న బుద్ధుడి బొమ్మ చూస్తే అది కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళ పని కాదని ఎవరికైనా తెలిసిపోతుంది. అప్పటికే ఆ విద్య ఎన్నో తరాల చేతుల్లో పండింది. దానికి వందేళ్ళ ముందే జపాన్‌లో షోతోకు మహారాణి పది లక్షల బుల్లి చెక్క గోపురాలు చేయించి, ఒక్కోదాంట్లో అచ్చువేసిన మంత్రం చీటీ పెట్టించింది.

చెక్క దిమ్మ అంటే వెనకబడిన పద్ధతి, విడి అక్షరం అంటే ముందడుగు అని చాలా పుస్తకాలు తేల్చేస్తాయి. నాకు ఆ లెక్క నచ్చదు. దిమ్మ చెక్కడానికి శ్రమ ఎక్కువే కానీ, ఒకసారి చెక్కాక దాన్ని అటక మీద పెట్టుకోవచ్చు. ఈ ఏడు యాభై ప్రతులు, పదేళ్ళకు ఇంకో వంద. అడిగినవాళ్ళకు అడిగినన్ని వేసి ఇవ్వొచ్చు. అమ్ముడుపోని కట్టలు గోదాములో మూలగవు. కొరియాలోని హేఇన్సా ఆలయంలో 13వ శతాబ్దంలో చెక్కిన త్రిపిటకం అనే బౌద్ధ గ్రంథాల దిమ్మలు 81,258 ఇవాళ్టికీ అరల్లో వరసగా నిలబడి ఉన్నాయి. ఏడు వందల ఏళ్ళు దాటినా వాటితో అచ్చు వెయ్యొచ్చు. ఇలాంటి సౌకర్యం విడి అక్షరాలకు ఎప్పుడూ లేదు.

ఇప్పుడు బీ షెంగ్ దగ్గరికి వద్దాం. 1040ల్లో ఆయన చేసిన పనిని షెన్ కువో అనే పండితుడు ఎంతో ఓపికగా రాసిపెట్టాడు కాబట్టే అది మన దాకా వచ్చింది. మెత్తటి బంకమన్ను ముక్కల మీద నాణెం అంచంత మందాన అక్షరాలు చెక్కి, నిప్పులో కాల్చాడు. ఇనప పలక మీద దేవదారు జిగురు, మైనం, కాగితపు బూడిద కలిపి పరిచి, దాని మీద ఇనప చట్రం పెట్టి, అందులో మట్టి అక్షరాలను దగ్గరదగ్గరగా పేర్చాడు. పలకను వేడి చేస్తే జిగురు కరుగుతుంది. చదునైన పలకతో పైనుంచి నొక్కితే అక్షరాలన్నీ ఒకే మట్టానికి వస్తాయి. చల్లారాక కదలవు. పని అయిపోయాక మళ్ళీ వేడి చేసి తడితే అక్షరాలు వాటంతట అవే రాలిపోతాయి. ఒక పలక అచ్చవుతుండగా ఇంకో పలకలో పేర్పు సాగేది. మాటిమాటికీ వచ్చే అక్షరాలకు ఇరవై, అంతకు మించి నకళ్ళు ఉండేవి. అరుదైన అక్షరం అవసరమైతే అప్పటికప్పుడు చెక్కి గడ్డి మంట మీద కాల్చేవాడు.

చెక్క ఎందుకు వాడలేదన్నదానికి కూడా షెన్ కువో కారణం రాశాడు. చెక్కలో పొరలు ఒకచోట వదులుగా, ఒకచోట బిగుతుగా ఉంటాయి. తడి తగిలితే ఉబ్బి ఎత్తు మారిపోతుంది. పైగా జిగురు పట్టుకుని వదలదు. ఈ నాలుగు ముక్కలు చదివినప్పుడు నాకు బీ షెంగ్ కళ్ళ ముందు కనిపిస్తాడు. చెక్కతో ముందు ప్రయత్నించి, చెడి, మట్టికి మారిన మనిషి తప్ప ఇంకెవరూ ఇలా చెప్పలేరు. షెన్ కువో ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాడు: రెండు మూడు ప్రతులు కావాలంటే ఈ పద్ధతి దండగ, పదులు, వందలు, వేలు కావాలంటే మాత్రం దీని వేగానికి సాటి లేదు.

మరి చైనా అంతా ఈ పద్ధతికి ఎందుకు మారలేదు? లిపి ఒప్పుకోలేదు. చైనీసు రాతలో ఒక్కో మాటకు దాదాపు ఒక్కో గుర్తు. 1298లో వాంగ్ జెన్ అనే అధికారి చెక్క అక్షరాలతోనే మళ్ళీ ప్రయత్నించి, సుమారు 60,000 ముక్కలు చేయించాడు. వాటిలోంచి కావలసినదాన్ని వెతుక్కోవడమే పెద్ద పని. దానికోసం గుండ్రంగా తిరిగే పెద్ద బల్లలు తయారు చేయించి, ఉచ్చారణ వరసలో అక్షరాలను సర్ది, కూర్చున్న మనిషి బల్లను తన వైపు తిప్పుకునే ఏర్పాటు చేశాడు. మనిషి అక్షరం దగ్గరికి వెళ్ళే బదులు అక్షరమే మనిషి దగ్గరికి రావాలన్నది ఆయన ఆలోచన. దాంతో తన జిల్లా చరిత్ర వంద ప్రతులను నెల లోపే అచ్చు వేశాడు. ఇంత తెలివి పెట్టినా, మామూలు ప్రచురణకర్తకు అరవై వేల ముక్కల మీద పెట్టుబడి పెట్టే స్తోమత ఎక్కడిది? దిమ్మే చౌక. కొరియాలో విడి అక్షరం నిలబడిందంటే దాని వెనక రాజు ఖజానా ఉంది. 1403లో అక్కడ ప్రభుత్వమే అక్షరాల పోతశాల పెట్టింది.

గూటెన్‌బర్గ్‌కు కలిసొచ్చిన మొదటి సంగతి కూడా ఇదే. ఆయన చేతిలో ఉన్నది రోమన్ లిపి. అక్షరాలు తక్కువ. ఆ కాలపు చేతిరాత అందాన్ని అచ్చులోకి తేవాలని ముడి అక్షరాలు, పొట్టి గుర్తులు, ఒకే అక్షరానికి వెడల్పులో రకాలు అన్నీ కలుపుకుంటేనే ఆయన బైబిలుకు దాదాపు 290 రకాల టైపులు, అంటే విడి అక్షరపు ముక్కలు, కావలసి వచ్చాయి. అరవై వేలు ఎక్కడ, మూడు వందలు ఎక్కడ!

ఆయనది జర్మనీలోని మైంజ్ నగరం. లోహం పని తెలిసినవాడు. స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్నప్పుడు యాత్రికులకు అమ్మే చిన్న లోహపు అద్దాలను వేల సంఖ్యలో పోత పొయ్యాలని భాగస్వాములతో వ్యాపారం కూడా పెట్టాడు. ఒకే వస్తువును ఒకే కొలతలో వేలకు వేలు ఎలా పోత పొయ్యాలన్న బెంగ ఆయనకు అచ్చు కన్నా ముందే పట్టుకుంది. అచ్చులో ఆయన చేసిన మేలు అక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం.

ఆ పోత ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గర నుంచి చూద్దాం. గట్టి ఉక్కు కడ్డీ కొసన ఒక అక్షరాన్ని తిరగేసి, ఉబ్బెత్తుగా చెక్కుతారు. దాన్ని పంచ్ అంటారు. మంచి పనివాడికి కూడా ఒక్క పంచ్‌కు ఒక రోజు పట్టొచ్చు. ఆ పంచ్‌ను మెత్తటి రాగి ముక్క మీద పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొడితే రాగిలో అక్షరం లోతుగా దిగుతుంది. అది తల్లి అచ్చు. ఈ తల్లి అచ్చును చేతిలో పట్టే చిన్న మూస అడుగున బిగిస్తారు. మూస రెండు ముక్కలు. అవి ఒకదాని మీద ఒకటి జరుగుతాయి కాబట్టి సన్నని అక్షరానికి సన్నగా, వెడల్పు అక్షరానికి వెడల్పుగా సర్దుకోవచ్చు. ఎత్తు మాత్రం మారదు. పై నుంచి కరిగిన లోహం గరిటెతో పోసి, చెయ్యి ఒక్కసారి పైకి విదిలిస్తారు. ఆ విదుపుతోనే లోహం అక్షరం మూలమూలకీ చేరుతుంది. మూస తెరిస్తే టైపు కింద పడుతుంది. వెంటనే ఇంకోటి. 17వ శతాబ్దపు లండన్‌లో జోసెఫ్ మాక్సన్ రాసిన లెక్క ప్రకారం ఒక పనివాడు రోజుకు దాదాపు నాలుగు వేల టైపులు పోత పోసేవాడు.

ఈ జరిగే మూసే అసలు కీలకం. వెడల్పు మారాలి, ఎత్తు వెంట్రుకవాసి కూడా మారకూడదు. ఎత్తు తేడా వస్తే ఒక అక్షరం కాగితాన్ని చించుతుంది, పక్కది సిరా కూడా అంటించదు. బీ షెంగ్ పలకతో నొక్కి తెచ్చిన మట్టాన్ని ఇక్కడ మూస పుట్టుకతోనే ఇచ్చేస్తుంది.

లోహం సంగతి కూడా అంతే ముఖ్యం. వట్టి సీసం మెత్తన, నాలుగు ఒత్తులకే అక్షరం నలిగిపోతుంది. తగరం కలిపితే మూసలోకి చక్కగా పారుతుంది. యాంటిమొనీ అనే లోహం కలిపితే గట్టిపడుతుంది, చల్లారేటప్పుడు ముడుచుకోవడం తగ్గుతుంది. ఈ మూడింటి మిశ్రమం కొన్ని శతాబ్దాల పాటు ప్రతి ప్రెస్సులోనూ రాజ్యం ఏలింది. తర్వాత సిరా. నీళ్ళ సిరా లోహం మీద చుక్కలు చుక్కలుగా విరిగిపోతుంది, నిలవదు. అందుకని అవిసె నూనెను చిక్కబడే దాకా కాచి, దీపం మసి కలిపిన జిగట సిరా వచ్చింది. చేతిరాత సిరాకూ దీనికీ సంబంధమే లేదు, ఇది చిత్రకారుల తైలవర్ణాలకు చుట్టం. ఇంత జిగట సిరాను దళసరి గుడ్డపేలికల కాగితం మీదకు దించాలంటే చేతి కుంచె చాలదు, గట్టి ఒత్తిడి కావాలి. అప్పుడు, ఆ తర్వాత మాత్రమే, ప్రెస్సు అవసరం పడింది. అంటే యంత్రం వల్ల అచ్చు రాలేదు. ఆ లోహం, ఆ సిరా, ఆ కాగితం ముగ్గురూ కలిసి యంత్రాన్ని రప్పించారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఉక్కు పంచ్, రాగి తల్లి అచ్చు, జరిగే మూస, ఈ మూడూ గూటెన్‌బర్గే చేశాడని ఎంతోకాలంగా చెప్పుకుంటున్నాం. 2001 ప్రాంతంలో పాల్ నీడమ్, బ్లెయిజ్ అగ్వెరా ఇ ఆర్కాస్ అనే పరిశోధకులు ఆయన తొలి అచ్చులను కంప్యూటర్‌లో అక్షరం అక్షరం పోల్చి చూశారు. ఒకే తల్లి అచ్చు నుంచి వస్తే ఒకే రకంగా ఉండాల్సిన అక్షరాలు అలా లేవు, తేడాలు మరీ ఎక్కువ ఉన్నాయి. కాబట్టి మొదట్లో ఆయన ఇసుక లాంటి, ఒక్క పోతకే చెదిరిపోయే మూసలు వాడి ఉండొచ్చని, పంచ్ పద్ధతి తర్వాతివాళ్ళ చేతుల్లో కుదురుకుందని వాళ్ళ వాదన. అందరూ ఒప్పుకోలేదు. కానీ నాకు ఇది నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది. ఇంత పెద్ద పని ఒక్క మనిషి ఒక్క ఊపులో పూర్తి చెయ్యడం లోకంలో ఎక్కడా చూడం.

డబ్బు కథ విషాదం. యోహాన్ ఫుస్ట్ అనే ధనికుడి దగ్గర గూటెన్‌బర్గ్ 800 గిల్డర్లు (ఆ కాలపు బంగారు నాణేలు), మళ్ళీ ఇంకో 800 గిల్డర్లు తెచ్చుకున్నాడు. బైబిలు దాదాపు 180 ప్రతులు, ఒక్కోటి దగ్గరదగ్గర 1,280 పేజీలు. కాగితం, చర్మపత్రం, లోహం, కూలీలు, అన్నీ ముందే పెట్టాల్సిన ఖర్చులు. పుస్తకం పూర్తయ్యాకే పైసా వస్తుంది. 1455లో ఫుస్ట్ కోర్టుకెక్కాడు, గూటెన్‌బర్గ్ ఓడిపోయాడు. ఆయన దగ్గర పనిచేసిన పీటర్ షోఫర్ ఫుస్ట్‌తో కలిసిపోయాడు. 1457లో వాళ్ళిద్దరి పేర్లతో, తేదీతో సహా అద్భుతమైన ప్రార్థనా గీతాల పుస్తకం వెలువడింది. గూటెన్‌బర్గ్ పేరు మాత్రం ఆయన అచ్చువేసిన ఏ పుస్తకం మీదా లేదు. 1500 నాటికి యూరప్‌లో 200కు పైగా పట్టణాల్లో ప్రెస్సులు నడుస్తున్నాయి, దాదాపు 30,000 ప్రచురణలు వచ్చాయి.

ఇక కంపోజింగ్, అంటే టైపులను వరసలుగా పేర్చే పని. ఈ చరిత్రలో అందరూ తొందరగా దాటేసే ఘట్టం ఇదే, కానీ అచ్చులో మనిషి శ్రమ ఎక్కువగా కరిగింది ఇక్కడే. ఏటవాలుగా పెట్టిన చెక్క కేసులో గళ్ళు గళ్ళుగా టైపులుంటాయి. ఎక్కువ వచ్చే అక్షరాల గళ్ళు పెద్దవి, చేతికి దగ్గర. కంపోజిటరు ఎడమ చేతిలో స్టిక్ అనే, వరస పేర్చే చిన్న పళ్ళెం పట్టుకుని, కళ్ళు రాతప్రతి మీద ఉంచి, కుడి చేత్తో చూడకుండానే టైపు తీసి పేరుస్తాడు. ప్రతి టైపుకూ ఒంటి మీద చిన్న గాడి ఉంటుంది. వేలికి అది తగిలితే అక్షరం నిటారుగా ఉన్నట్టు, కళ్ళతో చూడక్కర్లేదు. అక్షరం తిరగబడి ఉంటుంది, వరస తలకిందులుగా పేరుతుంది. అద్దంలోని రాతను తలకిందులుగా చదవడం లాంటిది. కొన్నేళ్ళు ఆ పని చేసినవాళ్ళు మామూలు రాత కన్నా దాన్నే వేగంగా చదివేవారు.

పేజీలన్నీ ఇనప చట్రంలో బిగిస్తే ఫారం. దానికి తోలు బంతులతో సిరా అద్ది, తడి చేసిన కాగితం వేసి, మర తిప్పి ఒత్తాలి. ఇద్దరు మనుషులు బాగా పనిచేస్తే గంటకు 200 నుంచి 250 కాగితాలు, అదీ ఒక వైపే. అయిపోయాక ఫారం విప్పి, కడిగి, ఒక్కో టైపునూ మళ్ళీ దాని గడిలో వెయ్యాలి. ఒక్కటి తప్పు గడిలో పడితే రేపటి పేజీలో అచ్చుతప్పు. మనం నవ్వుకునే అచ్చుతప్పుల్లో చాలావాటికి మూలం పేర్చేటప్పటి పొరపాటు కాదు, విప్పి సర్దేటప్పటి పొరపాటు. టైపు ఖరీదు ఎక్కువ కాబట్టి పుస్తకం మొత్తాన్ని ఒకేసారి పేర్చి ఉంచుకునే భాగ్యం ఏ ప్రెస్సుకూ ఉండేది కాదు. రెండు మూడు ఫారాలు వేసి, విప్పి, అవే అక్షరాలతో తర్వాతి పేజీలు. అందుకే రెండో ముద్రణ అంటే మళ్ళీ మొదటి నుంచి పేర్చడమే. దిమ్మ వదులుకుని విడి అక్షరం తీసుకున్నందుకు కట్టిన మూల్యం ఇది.

ఇప్పుడు ఇదే పద్ధతిని తెలుగు లిపికి తగిలించి చూడండి. "స్త్రీ" అనే ఒక్క అక్షరం తీసుకుంటే, మధ్యలో సకారం, నెత్తిన గుడిదీర్ఘం, కింద తకారపు ఒత్తు, దానికి తోడు క్రావడి. చేతిరాతలో ఇది ఒక్క కదలిక. టైపు మాత్రం నలుచదరపు సీసం దిమ్మ, పక్క అక్షరం పరిధిలోకి కాలు పెట్టలేదు. 36 హల్లులకు డజను గుణింతాల చొప్పున వేసుకున్నా 400 దాటుతుంది. ఒత్తులు, అచ్చులు, అంకెలు వేరే. ప్రతి రూపాన్నీ విడిగా పోత పోస్తే కేసు గోడంత అవుతుంది. ఒత్తునూ గుణింతాన్నీ విడి ముక్కలుగా పోస్తే కేసు చిన్నదవుతుంది కానీ కంపోజిటరు పని రెండింతలవుతుంది, అతుకుల దగ్గర సన్నని తెల్ల గీతలు పడతాయి. కిందికి వేలాడే ఒత్తులకు చోటివ్వడానికి వరసల మధ్య ఎడం పెంచాలి, అంటే కాగితం ఎక్కువ ఖర్చు. చైనీసు చిక్కూ కాదు, రోమన్ సుఖమూ కాదు, రెండింటి మధ్య నలిగిన లిపి మనది.

1746లో బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించింది జర్మనీలోని హాలే నగరంలో. తెలుగు అచ్చు పుస్తకాల్లో అవే తొలివని చెబుతారు. గోవాకు ప్రెస్సు 1556లోనే వచ్చింది. అంటే యంత్రం మన సముద్ర తీరానికి చేరి దాదాపు రెండు వందల ఏళ్ళయినా తెలుగు అక్షరం అచ్చులోకి రాలేదు. ఆ ఆలస్యానికి కారణాలు చాలా ఉన్నాయి, కానీ పంచ్ చెక్కే చేతులు లేకపోవడం వాటిలో పెద్దది. బెంగాలీకి ఆ చేతులు 1778లో దొరికాయి. చార్ల్స్ విల్కిన్స్‌తో కలిసి పంచానన్ కర్మకార్ అనే లోహపు పనివాడు హుగ్లీలో బెంగాలీ టైపులు తయారు చేశాడు. తర్వాత ఆయన శ్రీరాంపూర్ మిషన్ ప్రెస్సులో చేరాడు. ఆయన దగ్గర పని నేర్చిన అల్లుడు మనోహర్ ఎన్నో భారతీయ లిపులకు పంచ్‌లు చెక్కాడు. మిషనరీ విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో వచ్చింది ఆ ప్రెస్సు నుంచే.

1812 మార్చి 11 సాయంత్రం ఆ ప్రెస్సుకు నిప్పంటుకుంది. కాగితం గుట్టలు, రాతప్రతులు, పధ్నాలుగు భాషల టైపులు తెల్లారేసరికి బూడిద, కరిగిన సీసపు గడ్డలు. కేరీ ఏళ్ళ తరబడి రాసిన ప్రతులు ఎన్నో పోయాయి. కానీ శిథిలాలను తవ్వుతుంటే ఉక్కు పంచ్‌లు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి, తల్లి అచ్చులు కూడా. పంచ్‌లు ఉన్నాయంటే అక్షరాలు ఉన్నట్టే. కరిగి గడ్డకట్టిన సీసాన్నే మళ్ళీ కరిగించి పోత మొదలుపెట్టారు. కొన్ని నెలల్లో ప్రెస్సు తిరిగి నడిచింది. అచ్చులో ప్రాణం ఎక్కడుంటుందో ఇంతకన్నా బాగా చూపించే సంఘటన నాకు ఇంకోటి తెలియదు.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఉబ్బెత్తు అచ్చు: పైకి నిలబడ్డ చోట సిరా, మిగతా చోట ఖాళీ. దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి రాగి రేకు మీద గీతలు లోతుగా చెక్కడం. రేకంతా సిరా పూసి, పైన తుడిచేస్తే గీతల గుంతల్లో మాత్రం సిరా మిగులుతుంది. తడి కాగితం వేసి రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే కాగితం గుంతల్లోకి దిగి సిరాను తోడుకుంటుంది. అందుకే అక్కడ సిరా కాస్త లేచి వేలికి తగులుతుంది. నోట్ల మీద ఇప్పటికీ తడిమి చూసేది అదే.

మూడో పద్ధతికి ఎత్తూ లేదు, లోతూ లేదు. బవేరియాలో అలోయిస్ సెనెఫెల్డర్ అనే నాటక రచయిత తన నాటకాలు అచ్చు వేయించుకోవడానికి డబ్బులేక తనే ఏవేవో ప్రయోగాలు చేసుకునేవాడు. 1796లో ఒకరోజు వాళ్ళమ్మ చాకలి పద్దు రాయమంటే, చేతికి కాగితం దొరక్క, పక్కనున్న సున్నపురాతి మీద జిడ్డు సిరాతో రాశాడని ఆయనే చెప్పుకున్నాడు. అక్కడి నుంచి రెండేళ్ళలో శిలాముద్రణ పుట్టింది. రాతి మీద జిడ్డుతో రాస్తారు. రాయిని తడుపుతారు. రాసిన చోట నీళ్ళు నిలవవు, మిగతా రాయి నీళ్ళు పీల్చుకుంటుంది. ఇప్పుడు నూనె సిరా పూస్తే అది తడి రాతిని వదిలేసి జిడ్డు గీతలకే అంటుకుంటుంది. చదునైన రాతి మీద రెండు పదార్థాల పంతమే పని చేసిపెట్టింది.

లిపుల కథలో ఇది పెద్ద మలుపు. రాతి మీద ఏం రాస్తే అదే అచ్చవుతుంది కాబట్టి టైపులతో పనే లేదు. ఏటవాలుగా జారుతూ, అక్షరం అక్షరం మీద వాలే ఉర్దూ నస్తాలీఖ్ రాతను సీసం దిమ్మల్లో ఇరికించడం చూసేవాళ్ళ ప్రాణానికి హింస. ఉర్దూ ప్రచురణకర్తలు శిలాముద్రణను ఆనందంగా అక్కున చేర్చుకున్నారు. రాత బాగున్న కాతిబులు, అంటే లేఖకులు, పేజీలు రాసేవారు, అవి రాతి మీదికి ఎక్కేవి. 20వ శతాబ్దంలో కూడా ఉర్దూ దినపత్రికల పేజీలు రోజూ చేతిరాతలోనే తయారయ్యేవి.

వేగం సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. 350 ఏళ్ళ పాటు చెక్క ప్రెస్సు పెద్దగా మారలేదు. 1800 ప్రాంతంలో స్టాన్‌హోప్ ప్రభువు ఇనప ప్రెస్సు తెచ్చాడు. ఫ్రెడ్రిక్ కోనిగ్ ఆవిరితో తిరిగే సిలిండర్ ప్రెస్సు కట్టాడు. 1814 నవంబర్ 29న లండన్ టైమ్స్ ఆ యంత్రం మీద అచ్చయి వచ్చింది, గంటకు 1,100 కాగితాలు. పనివాళ్ళు తిరగబడతారన్న భయంతో యజమాని జాన్ వాల్టర్ యంత్రాన్ని పక్క భవనంలో రహస్యంగా బిగించాడు. విదేశీ వార్తలు రావాలి, ఆగండి అని పాత ప్రెస్సు మనుషులను ఆ రాత్రి కూర్చోబెట్టి, పొద్దున్నే తడి ఆరని పేపరు చేతిలో పెట్టుకుని వచ్చాడు. ఇంకో పని దొరికే దాకా జీతం ఇస్తానని మాటిచ్చాడు. ఆ రాత్రంతా ఖాళీగా కూర్చున్నవాళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అయితే ఒత్తడం వేగం పుంజుకున్నా పేర్చడం మాత్రం ఇంకో 70 ఏళ్ళు చేతి వేళ్ళ మీదే ఉండిపోయింది. ఆ ముడిని విప్పింది ఓట్మార్ మెర్గెంతాలర్. 1886 జూలైలో న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో పనికెక్కిన ఆయన లైనోటైప్‌లో మీట నొక్కితే టైపు రాదు, ఇత్తడి తల్లి అచ్చు జారి వస్తుంది. వరస నిండగానే అక్కడికక్కడే కరిగిన లోహం పోసి మొత్తం వరసను ఒకే కడ్డీగా పోత పోస్తుంది. తల్లి అచ్చులకు పైన తాళంచెవికి ఉన్నట్టు పళ్ళుంటాయి. పని అయ్యాక అవి పైకి వెళ్ళి, ఒక పట్టాల కమ్మీకి వేలాడుతూ, తమ పళ్ళకు సరిపడే చోటు రాగానే తమ గడిలో తామే పడిపోతాయి. నన్ను అన్నిటికన్నా ముగ్ధుణ్ణి చేసేది ఈ తిరుగు ప్రయాణమే. విప్పి సర్దే పని, నాలుగు శతాబ్దాల వెట్టి, ఆ పళ్ళతో తీరిపోయింది. కానీ మీటలు తొంభై. రోమన్‌కు పుష్కలం, గుణింతాలున్న లిపులకు మళ్ళీ అదే ఇరుకు.

చివరికి సీసాన్ని సాగనంపింది సెనెఫెల్డర్ నూనె, నీళ్ళ సూత్రమే. రాయి పోయి పలచటి లోహపు రేకు వచ్చింది. 1904 ప్రాంతంలో అమెరికాలో ఐరా రూబెల్ ప్రెస్సులో కాగితం వెయ్యడం మరిచిపోతే బొమ్మ రబ్బరు సిలిండర్ మీద పడింది. తర్వాతి కాగితం వెనక వైపుకు అది దిగింది. అసలు అచ్చు కన్నా ఆ పొరపాటు అచ్చే స్పష్టంగా ఉందని ఆయన గమనించాడు. మెత్తటి రబ్బరు కాగితంలోని చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళకు కూడా ఒదిగిపోతుంది. అదే ఆఫ్‌సెట్. రేకు మీదికి ఫొటో ద్వారా బొమ్మ దిగుతుంది కాబట్టి అక్షరానికి ఒళ్ళు అక్కర్లేదు, ఎత్తు అక్కర్లేదు. న్యూయార్క్ టైమ్స్‌లో లైనోటైప్ మీద పేర్చిన ఆఖరి సంచిక 1978 జూలై 2న వచ్చింది.

నస్తాలీఖ్ మాత్రం ఇంకో మూడేళ్ళు ఆగింది. 1981లో లాహోర్‌లో జంగ్ దినపత్రిక కంప్యూటర్ పేర్పుతో వెలువడింది. దానికోసం మీర్జా అహ్మద్ జమీల్ అనే రాతగాడు పేర్పు యంత్రాలు చేసే మోనోటైప్ సంస్థతో కలిసి చేసిన పని ఏమిటంటే, ఏ అక్షరం ఏ అక్షరంతో కలిస్తే ఎలా మెలి తిరుగుతుందో చూసుకుంటూ, ఒక్కో కలయికనూ చేత్తో రాయడం. దాదాపు 20,000 రూపాలు. ఏడు శతాబ్దాల కిందట వాంగ్ జెన్ గుండ్రటి బల్లల మీద సర్దుకున్న లెక్క లాంటిదే.